ఖిడ్కీ మూసింది నేనే

రుక్మిణీ,

ఎట్లా ఉన్నావని అడగను. నువ్వు వెళ్లి పదమూడు నెలలయింది. ఇన్నాళ్లూ నీకు ఒక్క ముక్క రాయలేదు. రాయడానికి ఏముందిలే అనుకున్నాను. ఇప్పుడు చాలా ఉంది... చెప్పుకోవడానికి సిగ్గుగానూ ఉంది.

ముందు ఆ రోజు సంగతి రాస్తాను. నీకు తెలిసింది సగమే కదా.

పొద్దున జ్వరం తగ్గింది. ఒళ్లు చల్లబడిందని నేను సంతోషించాను. హకీం సాబ్ నీ నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత నన్ను వాకిట్లోకి పిలిచి, ఈ చల్లదనం మంచిది కాదన్నాడు. బడికి సెలవు చీటీ పంపాను. పక్కింటి హలీమా ఆపా నడిమి గోడలోని ఖిడ్కీ తలుపు దూరి బార్లీ జావ తెచ్చి నాలుగు చెంచాలు పట్టింది. జుట్టు దువ్వమని నువ్వే అడిగావట. దువ్వి జడ వేసింది. మధ్యాహ్నం నువ్వు నా వైపు చూసి, "పాలు పొంగుతున్నయ్, సూడున్రి" అన్నావు. నేను వంటింట్లోకి వెళ్లాను. పాలు లేవు. పొయ్యే వెలిగించలేదు ఆ రోజు. తిరిగి వచ్చేసరికి హలీమా ఆపా నీ కళ్లు మూస్తోంది. నన్ను చూసి ఓణీ ముఖం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. అంత దుఃఖంలోనూ ఆమె పర్దా తప్పలేదు.

నిన్ను తీసుకుపోతుంటే ఆపా ఇంటాయన యూసుఫ్ భాయ్ గల్లీ చివరిదాకా పాడెకు భుజం పట్టాడు.

అంతే. ఆ రోజు గురించి ఇంకేమీ లేదు.

నువ్వు పోయిన వారానికి ఢిల్లీలో జెండా మారింది. అప్పటి నుంచి మన నిజాం రియాసత్ ఎటు అన్నదొక్కటే మాట. అటు కలవాలని కొందరు, కలవకుండా స్వతంత్రంగా ఉండాలని కొందరు. నేను రెండు మాటల్లోనూ న్యాయం వెతికాను. చదువుకున్నవాడికి అదొక రోగం. రాజ్యం ఎటు పోవాలన్నది వాదించుకోదగ్గ విషయమే. వాదించుకోనీ. కాని నాలుగు నెలలు తిరిగేసరికి ఆ ప్రశ్న అడిగేవాడే లేకుండా పోయాడు. రాజ్యం ఎటు అని కాదు, నువ్వెటు అని అడుగుతున్నారు. పాలు పోసేవాడు అడుగుతాడు. క్షవరం చేసేవాడు గడ్డం సగం గీసి, కత్తి గొంతు మీద ఉండగా అడుగుతాడు. ఏం చెప్పమంటావు?

బడిలో 1914 నాటి పెద్ద యుద్ధం పాఠం నీకు గుర్తుండే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం. యుద్ధానికి కారణాలు... ఆయుధాలు పెంచుకోవడం, కూటములు కట్టుకోవడం, ఖౌమ్‌పరస్తీ. మా జాతే గొప్పది, మా జాతికే అన్యాయం జరిగింది అనే పట్టు. పిల్లలు మన ముందు గదిలో కూర్చుని పాడినట్టు వల్లె వేసేవాళ్లు. నువ్వు లోపల బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేదానివి.

ఒకసారి వాళ్లందరి ముందే నన్ను పట్టుకున్నావు. "గా రాజకుమారున్ని సంపినోడు ఒక్కడు. సచ్చినోళ్లు లచ్చలు. నడుమల మీ ఖౌమ్‌పరస్తీ ఏం జేసింది మాస్టర్ సాబ్, పోపు పెట్టిందా?" పిల్లలు గొల్లున నవ్వారు. నేను అరగంట వివరించాను. నువ్వు చాట పక్కన పెట్టి అంతా విన్నావు. విని, మీ అమ్మగారి వాడకట్టులో నల్లా దగ్గరి సంగతి చెప్పావు. "ఇద్దరాడోళ్లు బిందె కాడ కొట్లాడుకుంటే పొద్దుమీకేసరికి సల్లబడ్తరు. ఒకామె పచ్చడి అడుగుతది, ఇంకొకామె ఇస్తది. గదే, మొగోళ్లు అచ్చి మన వాడకట్టు ఇజ్జత్ అన్నరనుకో... ఇగ తలలు పల్గుడే. బిందె ఎవలికీ యాదుండది."

నేను దాన్ని నోట్సులో రాయించలేదు. పరీక్షలో మార్కులు పడవు కదా.

ఆ రోజు నవ్విన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. ఒకడు ఖాకీ వేసుకుని, గల్లీ మొగలో కట్టె తుపాకీతో కవాతు చేస్తున్నాడు. ఇంకొకడు చొక్కా లోపల జెండా దాచుకుని తిరుగుతున్నాడు. ఇద్దరికీ ఖౌమ్‌పరస్తీ ప్రశ్నకు నేను పూర్తి మార్కులు వేశాను. ఇద్దరూ దారిలో కనిపిస్తే నాకు సలాం చేస్తారు. తనది దేశం మీద ప్రేమ, ఎదుటివాడిదే ఖౌమ్‌పరస్తీ అని ఇద్దరికీ గట్టి నమ్మకం. పాఠం ఒక్క అక్షరం మరిచిపోలేదు వాళ్లు. అదే నాకు ఒళ్లు మండేది.

కాని వాళ్లను తిట్టే అర్హత నాకు లేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఖిడ్కీ సంగతి.

నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో, గోడలో ఈ తలుపేమిటని నేనే నవ్వాను. నడుము ఎత్తు తలుపు, వంగి దూరాలి. ఈ గల్లీలో ఆడవాళ్లు వీధి ముఖం చూడకుండా ఇంటి నుంచి ఇంటికి పోయే దారి అదేనని నువ్వే తెలుసుకుని నాకు చెప్పావు. ఆ దారిన ఎన్ని గిన్నెలు పోయాయి, ఎన్ని వచ్చాయి! మన బిడ్డ తార నడక నేర్చింది ఆ గడప పట్టుకునే. మనింట్లో రెండడుగులు, వాళ్లింట్లో రెండడుగులు. నువ్వు పోయాక కూడా రోజూ సాయంత్రం హలీమా ఆపా తారను అటు పిలిచి జడ వేసేది. తన కూతురు జుబేదాతో కలిపి కూర్చోబెట్టి ఇంత తినిపించి పంపేది. ఇంట్లో ఆడదిక్కు లేదన్న మాట ఆరు నెలలు నాకు తెలియలేదు.

ఎదురు బట్టల దుకాణం రాజలింగానికి మాత్రం ఆ తలుపు కంట్లో నలుసయింది. అతనిప్పుడు మనవాళ్ల కమిటీలో పెద్ద. నేను బడికి పోతుంటే ఒకటే పాట. మాస్టర్ సాబ్, మీ గోడకు బొక్క ఉంది, రేపు లొల్లి అయితే గండ్లకెల్లే అస్తరు అని. ఎవరొస్తారు? హలీమా ఆపానా? చేతిలో ఖట్టీ దాల్ గిన్నెతోనా? అదే అడిగాను. నవ్వలేదు. నవ్వడం ఈ మధ్య అందరూ మానేశారు.

అవతలి ఇంట్లో యూసుఫ్ భాయ్ తమ్ముడు ఆ ఖాకీ వాలంటీర్లలో చేరాడు. అతనూ అన్నగారికి రోజూ ఇదే చెబుతున్నాడని తార వచ్చి చెప్పింది. ఆ ఖిడ్కీలోంచే వస్తారు, మూసెయ్ అని. అదే బొక్క. అదే భయం. ఇవతల ఒక కాపలాదారు, అవతల ఒక కాపలాదారు. ఇద్దరూ ఒక్క ముక్క మార్చకుండా ఒకే మాట అంటుంటే, నాకు కోపం రావాలా, నవ్వు రావాలా?

మాఘంలో ఒక మంగళవారం యూసుఫ్ భాయ్ గుమ్మం ముందు రెండు బండ్ల ఇటుకలు దిగాయి.

రాజలింగం దుకాణం వదిలి మరీ పరుగెత్తుకు వచ్చాడు. సూసినవా, ఆళ్లే మూస్తున్నరు, మనం మొదలు మూస్తే మన ఇజ్జత్ ఉంటది, లేకుంటే మన మొఖం మీద మూసినట్టయితది అన్నాడు. అతని వెనక మరో నలుగురు తలలూపారు.

అడిగితే సరిపోయేది. ఆ ఇటుకలెందుకని ఒక్క మాట.

ఎందుకు అడగలేదో చెబితే నమ్ముతావా? పన్నెండేళ్లలో నేనూ యూసుఫ్ భాయ్ మాట్లాడుకున్నదంతా రాస్తే ఒక పుట నిండదు. సలాం, పండుగ ముబారక్, ఈసారి వానలు లేవు. అంతే. వాళ్ల డాబా నీళ్లు మన గోడకు కారితే నేను నీకు చెప్పేవాణ్ణి. నువ్వు ఆపాకు చెప్పేదానివి. ఆపా ఆయనకు చెప్పేది. మూడో రోజుకు తూము బాగయ్యేది. ఇద్దరు మగవాళ్లం ఒకరి మర్యాద ఒకరం కాపాడుకుంటున్నాం అనుకున్నాం. అసలు సంసారాలు నడిపింది మీరు. నువ్వు పోయాక, రాయబారి లేని రాజ్యాలమయ్యాం.

తారను పంపి కనుక్కోవచ్చు. ఆ వారం అది సికింద్రాబాదులో మా అక్క దగ్గర ఉంది. ఖిడ్కీ దగ్గర నిలబడి నేనే పిలవచ్చు. కాని ఆ తలుపులోకి మగవాడు తల పెట్టకూడదు, గొంతు కూడా పెట్టకూడదు. అది గల్లీ మర్యాద. ఇక వీధిలోంచి వెళ్లి తలుపు కొట్టడం. రాజలింగం, ఆ నలుగురు చూస్తుండగా... వాళ్లకు భయపడ్డానని నీకు చెప్పక ఎవరికి చెప్పను?

శుక్రవారం పిలిపించాను తాపీమేస్త్రీని. యూసుఫ్ భాయ్ నమాజుకు వెళ్లే వేళ చూసుకునే పిలిపించాను. అది కూడా రాయాలి.

రెండు వరసలు లేచాయి. అప్పుడు అవతలి నుంచి హలీమా ఆపా గొంతు వినిపించింది. పన్నెండేళ్లలో ఆమె నాతో నేరుగా మాట్లాడింది లేదు. నీ చావు రోజున కూడా లేదు. "మాస్టర్ సాబ్... మాతోని ఏం తప్పయింది?"

మేస్త్రీ చేతిలో తాపీ ఆగింది. నా ముఖం చూశాడు.

కానీయమన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. ఎంతసేపు అక్కడే నిలబడిందో తెలియదు. సున్నం ఆరేదాకా నేనూ అక్కడి నుంచి కదల్లేదు. కాపలా కాశాను... దేనికి?

ఆ తర్వాతి గురువారం పొద్దున, గోడ మీదుగా పొగ లేచింది. వెంట మసాలా వాసన, పెద్ద పెద్ద గరిటెల చప్పుడు, ఆడవాళ్ల ఢోలక్. వాళ్ల వాకిట్లో ఇటుకలతో పొయ్యిలు కట్టి దేగ్‌లు ఎక్కించారు. జుబేదా పెళ్లి. రోజులు బాగాలేవని తొందరపడి పెట్టుకున్నారట. ఆ రెండు బండ్ల ఇటుకలూ పెళ్లి పొయ్యిలకు.

గల్లీలో పెళ్లి పిలుపు మొదట ఖిడ్కీలోంచే వస్తుంది. ఆడవాళ్లు వచ్చి నోట్లో మిస్రీ, అదే పటికబెల్లం, పెట్టి పిలుస్తారు. ఆ తర్వాతే మగవాళ్లకు చీటీలు. ఆపా శుక్రవారం మధ్యాహ్నం ఖిడ్కీ దగ్గరికి ఊరికే వచ్చి ఉండదు, రుక్మిణీ. చేతిలో మిస్రీ పళ్లెం ఉండే ఉంటుంది. లేదేమో. ఉందనే నాకు రోజూ అనిపిస్తుంది.

తార సికింద్రాబాదు నుంచి వచ్చి గోడ చూసింది. సున్నం మీద చెయ్యి పెట్టింది. నన్ను ఏమీ అనలేదు. ఆ మౌనం ఏడు నెలలుగా నడుస్తోంది. అన్నం వడ్డిస్తుంది, మజ్జిగ పోస్తుంది, పుస్తకం తీసుకుని డాబా ఎక్కుతుంది. నీ పోలికే.

తప్పు తెలిశాకైనా పడగొట్టవచ్చు కదా అంటావు. అనుకున్నాను. పెళ్లి రోజు సాయంత్రమే అనుకున్నాను. కాని అప్పటికి ఆ గోడ నాది కాదు. గల్లీలో రాజలింగం చెప్పుకుంటూ తిరిగాడు. మాస్టర్ సాబే మూసిండు, చదువుకున్నోడు మూసిండంటే ఆలోచించే మూసిండు అని. పది రోజుల్లో మరో మూడు ఖిడ్కీలు మూతపడ్డాయి. రెండు మనవాళ్లు మూశారు, ఒకటి వాళ్లు. అవతల యూసుఫ్ భాయ్ తమ్ముడికీ ఇదే సాక్ష్యం అయింది. చూశారా, మొదలుపెట్టింది వాళ్లే అని. నిజమే. మొదలుపెట్టింది నేనే. నేను మొదలుపెట్టింది వాళ్లు మొదలుపెడుతున్నారని. ఇరవై ఏళ్లు ఈ పాఠమే చెప్పాను. ప్రతి దేశం చరిత్ర పుస్తకంలోనూ ముందు సైన్యాన్ని కదిల్చింది పక్క దేశమే.

ఇప్పుడు నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఒక మనిషి తప్పు చేస్తే, మర్నాడు వెళ్లి తప్పయిందనవచ్చు. కాస్త ముఖం చెల్లదు, అంతే. అదే తప్పు జాతి పేరున చేస్తే వెనక్కి తీసుకునే దారి ఉండదు. గోడ నా గోడగా ఉన్నంతసేపు నాకు గడ్డపార చాలు. అది మనవాళ్ల గోడ అయ్యాక, దాని మీద చెయ్యి వేస్తే ద్రోహినవుతాను. ఇద్దరు మనుషుల మధ్య భయం ఉంటే ఒక్క ప్రశ్నతో పోతుంది. ఇద్దరి వెనకా గుంపు నిలబడితే, ఆ ప్రశ్న అడగడమే ఓటమి అవుతుంది. యుద్ధం కావాలని ఈ గల్లీలో ఎవరికీ లేదు. రాజలింగానికి కూడా లేదు, దుకాణం ఉంది కదా. కాని ముందు తగ్గేవాడు ఎవడూ లేడు. తగ్గినవాడి పేరు ఏమని పిలుస్తారో అందరికీ తెలుసు.

నువ్వు నల్లా దగ్గరి బిందెతో చెప్పావు ఇదంతా. నాకు ఏడు నెలలు పట్టింది.

ఆషాఢంలో తారకు జ్వరం వచ్చింది. కంగారు పడకు, తగ్గింది. మూడు రోజులు ఒక్కణ్ణే కూర్చున్నాను. బయట బోనాల డప్పులు. నాకు ఆ పొద్దుటి చల్లదనమే గుర్తుకొచ్చి, గంటకోసారి దాని నుదురు పట్టుకు చూశాను. చల్లబడితే భయం, కాలితే భయం. రెండో రోజు డాబా పిట్టగోడ మీద ఒక గిన్నె కనిపించింది. గుడ్డ కట్టి ఉంది. బార్లీ జావ.

ఎవరు పెట్టారని అడగాల్సిన పని లేదు. జ్వరం సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందో మాత్రం తెలియదు. దగ్గు వినిపించి ఉంటుంది. గోడలు ఆపేది మనుషులనే కదా.

గిన్నె తోమి తిరిగి పెట్టబోతే నీ మాట గుర్తొచ్చింది. "వట్టి గిన్నె ఇస్తే మొఖం మీద తలుపేసినట్టే." చక్కెర పోసి పెట్టాను. సాయంత్రానికి గిన్నె లేదు. చక్కెర పోయగలిగాను. ఒక మాట పోయలేకపోయాను.

ఇక ఈ వారం సంగతి. సరిహద్దుకు సైన్యం వచ్చిందంటున్నారు. ఎక్కడ చూసినా రేడియో చుట్టూ మూగిన తలలే. అద్దాలకు నల్ల కాగితం అంటిస్తున్నారు. బడిలో సగం బెంచీలు ఖాళీ. మనవాళ్లు మనవాళ్లలోకి, వాళ్లు వాళ్లలోకి ఇళ్లు మారుతున్నారు. ఉస్మాన్‌గంజ్‌లో శనగలు, కందులు వేరు చేసి బస్తాలకెత్తినట్టు. యుద్ధం ఇంకా మొదలు కాలేదు. సరిహద్దులు మాత్రం గల్లీకొకటి గీసుకున్నాం.

రాజలింగం నన్నూ మారమంటున్నాడు. ఛత్రినాక అవతల మనవాళ్ల ఇల్లు ఒకటి ఖాళీగా ఉందట. నీ వంటింటిని వదిలి నేనెక్కడికి పోను?

నిన్న ఏడు నెలల తర్వాత తార నాతో ఒక పూర్తి వాక్యం మాట్లాడింది. ఆపా వాళ్లు కిషన్‌బాగ్‌లో ఆమె అన్నగారింటికి వెళ్లిపోతున్నారు, రేపు పది గంటలకు సామాను బండి వస్తుంది, నాన్నా. అంతే చెప్పి లోపలికి పోయింది. ఏం చేస్తావని అడగలేదు. అడిగినట్టే ఉంది. రేపంటే నిన్నటి లెక్కన ఈ రోజు. వాన పడి దారి తెగి బండి రాలేదు. సామాను మూటలు వాళ్ల గుమ్మంలో తడుస్తున్నాయి. రేపు తప్పకుండా వస్తుందట.

వాన ఇచ్చిన గడువు ఇది. ఇంకొకటి దొరకదు.

తారను పంపి మాట చెప్పించవచ్చు. డాబా మీద చీటీ పెట్టవచ్చు. ఇంట్లోంచే గడ్డపార తీసి ఖిడ్కీ పడగొట్టవచ్చు... ఈ రోజుల్లో అవతలి నుంచి గడ్డపార చప్పుడు వింటే ఆ ఇంట్లో ఆడవాళ్లు ఏమనుకుంటారు? మంచి చేయబోయినా భయపెట్టే స్థితికి వచ్చాం. ఇట్లాంటి తెలివి తక్కువ కాలం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

వాళ్లను ఉండిపొమ్మని అడిగే మొహం నాకు లేదు. ఉన్నా, వాళ్లు ఉండటం క్షేమమో కాదో నాకేం తెలుసు? గోడ లేచిన ఆ శుక్రవారం ఆపా అడిగిన దానికి జవాబు మాత్రం వాళ్ల వెంట పోవాలి. మీతో ఏ తప్పూ కాలేదు, ఇటుకలు చూసి భయపడ్డాను, అడగడానికి ధైర్యం లేకపోయింది. యూసుఫ్ భాయ్‌తో అంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదు నేను. నువ్వుంటే నీ చేత చెప్పించి తప్పుకునేవాణ్ణి. ఎన్ని మాటలు అట్లా నీ మీద వేసి పెద్దమనిషిగా తిరిగానో!

ఆయన తలుపు తీయకపోవచ్చు. తమ్ముడు తీయవచ్చు. అప్పుడేం చేయాలో నాకు తెలియదు. వెనక్కి మాత్రం రాను.

రేపు పొద్దున ఎనిమిదింటికి, రాజలింగం దుకాణం తెరిచి గద్దె మీద కూర్చున్నాక, గల్లీలో అందరూ చూసే వేళ, ఒక్కణ్ణే వీధిలోకి వెళతాను. యూసుఫ్ భాయ్ తలుపు కొట్టి, ఖిడ్కీ మూసింది నేనే, తప్పు నాదే అని గట్టిగా చెబుతాను. ఎదురు దుకాణం దాకా వినిపించేటట్టు.

ఉంటాను, రుక్మిణీ.

నీ
మాస్టర్ సాబ్